అమ్మమ్మ యింట

కూరెకుప్ప నుంచి వచ్చిన ఉత్తరమొకటి పదిరోజులుగా మా బల్లమీద ఉంది. జవాబు వ్రాద్దామని కూర్చొన్నప్పుడల్లా అది మమ్మల్ని ఇంకొక నిఘంటువు వద్దకు పంపింది. చివరకు ఈ నెల పుట మొత్తం ఆ ఉత్తరానికే ఇచ్చివేయక తప్పలేదు. ఇతర ఉత్తరాలు వ్రాసినవారు మన్నింతురు గాక.

వ్రాసినవారు మన సంఘసభ్యులలో ఒకరు. పేరు వేయవద్దన్నారు గనుక అవ్వగారని పిలుచుకొందాము. గుంతకల్లు నుంచి హొసపేట పోయే రైలులో తోరణగల్లు స్టేషను వద్ద దిగితే కూరెకుప్ప ప్రక్కనే. ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత ఆ ఊరికి దేశం నలుమూలల జనమూ చేరారు గాని, అవ్వగారి అత్తవారు అంతకు చాలా ముందునుంచీ అక్కడివారే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. బళ్ళారి, హొసపేట, సండూరు మొదలైనవి మైసూరు రాష్ట్రంలో చేరాయి. మనవంటి కుటుంబాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బజారులో కన్నడం, వంటింట్లో తెలుగు, ఈ రెండూ కలిసిపోయేది వాకిట్లో. ఇది మన పాఠకులకు క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

అవ్వగారికి ఇద్దరు మనుమలు. కొడుకు కొడుకు కూరెకుప్పలోనే కన్నడ బడిలో మూడవ తరగతి చదువుతున్నాడు. కూతురి కొడుకు వాడికంటె ఏడాది చిన్న. వాడు ఉండేది స్వీడన్ దేశంలో, లూలెయో అనే రేవు పట్టణంలో. అల్లుడుగారిది ఉక్కుపని. మన సండూరు కొండల్లో ఇనుపరాయి ఉన్నట్లే ఆ దేశానికి ఉత్తరాన కిరునా అనేచోట ఇనుపరాయి ఉంది. అది రైలెక్కి లూలెయో రేవుకు వస్తుంది. ఇనుము ఎక్కడ ఉంటే మన జిల్లావాడు అక్కడ ఉంటాడు కాబోలు!

శనివారం మధ్యాహ్నం, అక్కడివారికి ఇంకా పొద్దుటిపూట, రెండిళ్ళవారూ టెలిఫోనులో ఒకరి మొగం ఒకరు చూసుకొంటూ మాట్లాడుకోవడం అలవాటు. ఆనాడు అవ్వగారు, “ఈ ఎండాకాలం ఎక్కడుంటావురా, బంగారూ?” అని అడిగారు. బుడతడు తడుముకోకుండా “హూస్ ముర్‌ముర్!” అన్నాడు. బొరుగులను హిందూస్తానీవారు ముర్మురా అంటారని అవ్వగారికి తెలుసు. “బొరుగులకేమి కరువు నాయనా! వచ్చిన పొద్దే ఉగ్గాని చేసి పెడతాను” అన్నారు. అటు కూతురు నవ్వాపుకోలేక, “అమ్మా, ముర్‌ముర్ అంటే బొరుగులు కాదు, నువ్వే!” అన్నది.

తల్లి చెప్పగా పిల్లవాడు అదే సంగతి తెలుగులో అందుకొన్నాడు: “అమ్మమ్మా, నేను ఎండాకాలం అమ్మమ్మ ఇల్లు ఉంటాను. మామయ్య చేను ఆడుకొంటాను. బావ మామిడిపండు తింటాను.”

సరిగా ఆ సమయానికే ఆ బావగారు బడినుంచి వచ్చాడు. గడప దాటుతూనే, “అవ్వా! శాలె అయింది. చీల బాగిలు దగ్గర పెట్టినా. దోస్తులతో ఆటకి పోతాండా, ఊటకి మళ్ళా వస్తా!” అని అరిచాడు.

అవ్వగారికి కోపం వచ్చింది. “సముద్రాల అవతల ఉన్నవాడు ఇల్లు, చేను, ఎండాకాలం అంటూ ముత్యాల్లాంటి మాటలు పలుకుతున్నాడు. గడప లోపల ఉన్న నీకు బడిని బడి అనడానికీ, సంచిని సంచి అనడానికీ నోరు రాలేదా?” అని నలుగురిలో గద్దించారు. పిల్లవాడు ఏమీ అనలేదు. కాని ఆ రోజునుంచి అవ్వతో మాట్లాడవలసి వస్తే కన్నడంలోనే మాట్లాడుతున్నాడు. అందులో తప్పు పట్టేవారుండరు గదా!

“నాకు రెండు సంగతులు చెప్పండి” అని అవ్వగారు ఉత్తరం ముగించారు. “ఆ హూస్ అంటే ఏమిటి? ఈ ఇద్దరిలో ఎవడి తెలుగు నిలుస్తుంది?”

మొదటిదానికి జవాబు వెదుకుతూ ఉంటే రెండవదానికి కూడా జవాబు దానిలోనే దొరికింది. అందుకే ముందుగా స్వీడన్ వెళ్ళివద్దాము.

ముర్‌ముర్ సంగతి సులభమైనది. స్వీడిష్ భాషలో మూర్ అంటే అమ్మ, ఫార్ అంటే నాన్న. అమ్మకు అమ్మ ముర్‌ముర్, నాన్నకు అమ్మ ఫర్‌ముర్. అచ్చంగా మన అమ్మమ్మ, నాన్నమ్మ! ఇంగ్లీషువారు ఇద్దరినీ ఒకే మాటతో సరిపెడతారు. స్వీడన్‌వారు మనలాగే ఏ వైపు చుట్టరికమో పేరులోనే చెబుతారు. మేనమామను ముర్‌బ్రూర్ అంటారు. బ్రూర్ అంటే అన్నదమ్ముడు గనుక అది “అమ్మ అన్నదమ్ముడు” అన్నమాట. అమ్మ తోడబుట్టినది ముస్తెర్, నాన్న తోడబుట్టినది ఫస్తెర్. ఇంత దూరదేశంలో మేనత్తకూ పినతల్లికీ వేరువేరు పేర్లున్నాయని తెలిసి మాకు సంతోషమయింది.

ఇక హూస్. ఇది మన విభక్తి ప్రత్యయాలవంటి చిన్నమాట. మనకు అటువంటివి మాట వెనుక వస్తాయి: ఇంట్లో, చేనికి, బావతో. వారికి ఇంగ్లీషులో లాగా మాటకు ముందు వస్తాయి. హూస్ ముర్‌ముర్ అంటే అమ్మమ్మ యింట, అమ్మమ్మ వద్ద. వైద్యుని దగ్గర కూర్చొన్నా హూస్, స్నేహితుని యింట విడిది చేసినా హూస్. ఒక మనిషిలో ఉన్న మంచి గుణాన్ని చెప్పవలసి వచ్చినా ఆ గుణం ఆ మనిషి “హూస్” ఉన్నదంటారు.

దాని పుట్టుక చూస్తే ముచ్చట వేస్తుంది. వ్రాసేటప్పుడు దాన్ని హోస్ అన్న అక్షరాలతో వ్రాస్తారు, పలికేది హూస్ అని. స్వీడిష్‌లో ఇంటిని హ్యూస్ అంటారు. ఇంగ్లీషు హౌస్‌కు అది తోబుట్టువు. ఈ రెండూ మొదట ఒకటే మాట. నొక్కి పలికినచోట అది ఇల్లుగానే నిలిచింది. వాక్యం మధ్యలో తేలికగా పలికినచోట అరిగి, ఒక పరాయి మాట అనిపించేటంత మారి, “వద్ద” అన్న అర్థంతో మిగిలింది. డేనిష్, నార్వీజియన్ భాషలలో కూడా ఈ చిన్నమాట ఉంది. అక్కడి పిల్లలు రోజుకు వందసార్లు దాన్ని పలుకుతారు. అందులో ఒక ఇల్లు దాగి ఉన్నదని తలచేవారు అరుదు.

ఇది స్వీడన్‌వారి ఒక్కరి తమాషా కాదు. ఫ్రెంచివారు “ఫలానావారి యింట” అనడానికి షే అంటారు. అది లాటిన్‌లో ఇంటికి పేరైన కాసా అన్న మాట అరిగినది. హ్యూస్ వేరు, కాసా వేరు. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టలేదు. ఇద్దరూ “ఒకరి వద్ద ఉండడం” అంటే ఏమిటో చెప్పవలసి వచ్చి, ఇల్లు అన్న మాటనే అందుకొన్నారు.

పిల్లవాడు ఇంకా అమ్మమ్మ యిల్లు చేరలేదనుకొందాము. విమానమెక్కేటప్పుడు వాడు హూస్ అనడు. తిల్ ముర్‌ముర్ అంటాడు. పోవడానికి తిల్, చేరి ఉండడానికి హూస్. ఈ తిల్ కూడా ఒకప్పటి పెద్దమాటే. దాని అర్థం గురి, గమ్యం. జర్మనులు నేటికీ గురిని త్సీల్ అంటారు. అది దీనికి చుట్టమే. ఇంగ్లీషు చదివినవారికి తెలిసిన “టిల్” కూడా ఆ కుటుంబంలోనిదే.

తిల్ ఒకప్పుడు నామవాచకమనడానికి వాక్యంలోనే సాక్ష్యం మిగిలి ఉంది. స్వీడన్‌వారు సముద్రాన్ని హావ్ అంటారు. సముద్రం మీదికి పోవడాన్ని తిల్ హావ్స్ అంటారు. ఆ చివర ఉన్న సకారం మన “యొక్క” వంటిది. అంటే మొదట ఆ మాటకు “సముద్రము యొక్క గురి” అని అర్థం. ఇప్పుడు తిల్ వెనుక వచ్చే ప్రతిమాటకూ ఆ సకారం లేదు. ఇటువంటి కొన్ని పాత పలుకుబళ్ళలో మాత్రం, పాత చొక్కాకు మిగిలిన ఒక్క బొత్తాములాగా, అంటుకొని ఉండిపోయింది.

పోయేటప్పుడు గురి, చేరాక ఇల్లు. రెండు చిన్నమాటల్లో ఆ పిల్లవాడి ప్రయాణమంతా ఉంది.

ఇక మన యింటికి వద్దాము. “గురి” అనగానే మన పాఠకులలో చురుకైనవారు మాకంటె ముందే అందుకొని ఉంటారు. మన “గురించి”లో ఉన్నది ఆ గురే! గురి చూసి కొట్టడం, గురి తప్పడం అంటామే, ఆ గురికి “ఇంచు” చేరి గురించు అన్న క్రియ అయింది. “నిన్ను గురించి” అంటే నిన్ను గురిగా పెట్టుకొని అని. కన్నడంవారు కురితు అంటారు, తమిళులు కుఱిత్తు అంటారు. వారిదీ ఇదే మూలం, ఇదే అర్థం. స్వీడన్‌వారు గురి అన్న మాటను “వైపుకు” అని వాడుకొంటే దక్షిణదేశంవారు “విషయమై” అని వాడుకొన్నారు.

ఇక్కడ కూడా వాక్యంలో సాక్ష్యం ఉంది. మా చిన్ననాడు పెద్దలు “నన్ను గురించి ఏమన్నాడు?” అనేవారు. ఇప్పుడు మనమందరం “నా గురించి” అంటున్నాము. “నన్ను” అన్నంతకాలమూ గురించి ఒక క్రియ అన్న జ్ఞాపకం భాషలో ఉంది, గురిపెట్టేది దేనిని? నన్ను. “నా” అన్ననాడు ఆ జ్ఞాపకం పోయింది. నా దగ్గర, నా మీద అన్నట్లే నా గురించి అయింది. దీన్ని ఎవరూ శాసించలేదు. ఒక క్రియ విభక్తిగా మారే ఘట్టం మన నోళ్ళలోనే, మనం చూస్తూ ఉండగానే జరిగిపోయింది.

చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో విభక్తులను వరుసపెట్టి చెప్పాడు. మనలో చాలామంది బడిలో అర్థం తెలియకుండానే ఆ వరుసను వల్లించినవారమే. ఒక్కొక్కదాన్నీ గీకి చూస్తే లోపల ఒక ఇంటి వస్తువు కనబడుతుంది. “తో” ఏమిటి? పాతరూపం తోడన్. తోడు అంటే జత. బావతో అంటే బావ తోడుగా. “చేత” ఏమిటి? చెయ్యి. “మీద” ఏమిటి? మీదు, అంటే పైభాగం. “క్రింద” ఏమిటి? క్రిందు, అడుగుభాగం. “బట్టి” ఏమిటి? పట్టి, పట్టుకొని అని. “నుండి” ఏమిటి? ఉండి. ఊరన్ ఉండి వచ్చాడు, ఊరనుండి వచ్చాడు. ఊళ్ళో ఉండి వచ్చినవాడే ఊరినుండి వచ్చినవాడు. ద్రావిడభాషల విభక్తులు చాలావరకు ఒకప్పటి విడిమాటలేనని కాల్డ్వెల్ దొర 1856లోనే తన వ్యాకరణంలో గుర్తించాడు.

మన ప్రక్కింటి కన్నడంవారు కూడా ఇదే పని చేసుకొన్నారు. మనం “నాతో” అనేచోట వారు “నన్న జొతె” అంటారు; జొతె అన్నా జతే. మనం “నా చేత కాదు” అంటాము, వారు “నన్న కైయింద ఆగల్ల” అంటారు. కై అన్నా చెయ్యే. రెండిళ్ళ మధ్య గోడ ఉంది గాని రెండు వంటిళ్ళలోనూ పొయ్యి ఒకే దిక్కున ఉంది.

ఇప్పుడు అవ్వగారి రెండవ ప్రశ్న.

వారి పెద్దమనుమడు ఆనాడు పలికిన మాటలను మరొకసారి చూద్దాము. శాలె కన్నడం. చీల కన్నడం. ఊట కన్నడం. దోస్తులు హిందూస్తానీ. నిజమే. కాని చీల ఎక్కడ పెట్టాడు? బాగిలు దగ్గర. ఎవరితో పోతున్నాడు? దోస్తులతో. ఎందుకు? ఆటకి. మళ్ళీ దేనికి వస్తాడు? ఊటకి. దగ్గర, తో, కి, ఇవన్నీ తెలుగు. పెట్టినా, పోతాండా, వస్తా అన్న క్రియలూ తెలుగే. రాళ్ళు ఎక్కడివైనా కావచ్చు గాని ఆ గోడ కట్టిన పద్ధతి మనది.

చిన్నవాడి మాటలు చూడండి. ఇల్లు తెలుగు, చేను తెలుగు, మామిడిపండు తెలుగు. కాని ఇంట్లో లేదు, చేనిలో లేదు, బావతో లేదు. బావ మామిడిపండు తింటాడో, వీడు బావను తింటాడో వాక్యం చెప్పదు. ముత్యాలున్నాయి, దారం లేదు. ఇది వాడి తప్పు కాదు సుమా! వస్తువులను చూపించి పేర్లు నేర్పడం సులభం. టెలిఫోనులో ఇల్లు చూపించవచ్చు, చేను చూపించవచ్చు. “లో”ను ఎవరు చూపించగలరు? అది ఆ ఇంట్లో తిరిగి, ఆ చేనిలో పడి లేచి నేర్చుకోవలసినది. అదే పిల్లవాడు స్వీడిష్‌లో హూస్ అని తడుముకోకుండా అన్నాడు. ఎందుకంటే ఆ భాషలో వాడు రోజూ తిరుగుతున్నాడు.

పరాయి పేర్లు రావడం భాషకు క్రొత్త కాదు. మనం కూర్చొనే కుర్చీ అరబ్బీ మాట. చొక్కాకు కుట్టుకొనే బొత్తామూ, బట్టలు పెట్టుకొనే అలమారా పోర్చుగీసువారి నుంచి వచ్చాయి. వీటిని వాడినందుకు మన తెలుగు తరగలేదు. కాని కుర్చీ “మీద” కూర్చొంటాము, అలమార“లో” పెడతాము. ఆ చిన్నమాటలను మనం ఎవరినీ అడిగి తెచ్చుకోలేదు.

ఎవరో ఒకరు “ద్వారా” సంగతేమిటని అడుగుతారు గనుక చెబుతున్నాము. అది సంస్కృతం నుంచి వచ్చినదే. ద్వారం అంటే వాకిలి. ద్వారా అంటే వాకిలిగుండా. స్వీడన్‌వారు ఇంటిని చిన్నమాటగా చేసుకొంటే మనం సంస్కృతంవారి వాకిలిని తెచ్చి వాడుకొంటున్నాము. అన్నట్లు, పిల్లవాడన్న బాగిలు మన వాకిలికి సొంత తోబుట్టువే. మనం వకారం పలికే అనేక మాటలలో కన్నడంవారు బకారం పలుకుతారు. అవ్వగారు పరాయిదని గద్దించిన మాట కన్నడం వేషం వేసుకొన్న మన వాకిలే!

భాషలు ప్రక్కప్రక్కన చాలాకాలం ఉంటే ఏమవుతుందో శ్రద్ధగా చూసినవారున్నారు. మహారాష్ట్రంలో సాంగ్లీ వద్ద కుప్వార్ అనే గ్రామంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారూ, కొద్దిమంది తెలుగువారూ తరతరాలుగా కలిసి ఉన్నారు. గంపర్జ్, విల్సన్ అనే ఇద్దరు పండితులు 1971లో ఆ గ్రామం మాటతీరును గురించి ప్రకటించారు. బజారులో అందరూ అన్నీ మాట్లాడీ మాట్లాడీ, అక్కడి కన్నడ, మరాఠీ, ఉర్దూ వాక్యాల కట్టుబడి ఇంచుమించు ఒక్కటే అయిపోయింది. ఒక వాక్యాన్ని మాటకు మాట పెట్టి ఇంకొక భాషలోకి మార్చివేయవచ్చు. అయినా ఆ భాషలు కలిసి ఒక్కటి కాలేదు. ఇంట్లో ఎవరి భాష వారిదే. కట్టుబడి కలిసినా పేర్లూ ప్రత్యయాలూ ఎవరివి వారికి ఉండిపోయాయి. ఎందుకు? ఇంట్లో ఆ భాష మాట్లాడడం మానలేదు గనుక.

కనుక అవ్వగారూ, మా తీర్పు ఇది. మీ పెద్దమనుమడి తెలుగుకు ఏ జబ్బూ లేదు. దానికి ఉన్న అపాయం ఒక్కటే: మీ గద్దింపు. చీల అన్నవాడు రేపు సంచి అనవచ్చు. మీరు రోజూ వాడి ఎదుట సంచి అంటూ ఉంటే అదే వస్తుంది. కాని తప్పు పడతారని భయపడి పూర్తిగా కన్నడంలోకి వెళ్ళిపోయినవాడు “దగ్గర”ను కూడా, “తో”ను కూడా వెంట తీసుకొని వెళ్ళిపోతాడు. పేర్లు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. అతుకులు ఊడితే తలుపే ఉండదు. మన సంఘంలో ఇటువంటి ఇళ్ళు మేము చూశాము. పిల్లవాడి మాటలను పెద్దలు దిద్దీ దిద్దీ, చివరకు దిద్దడానికి మాటే లేకుండా చేసుకొన్నారు. మా యింట్లో కూడా ఆ తప్పు జరిగింది గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాము.

చిన్నమనుమడికి విభక్తులు వల్లెవేయించవద్దు. వాడికి కావలసినది వ్యాకరణం కాదు, చోటు. మాకు తోచిన ఉపాయమొకటి ఉత్తరంలో వ్రాసి పంపాము. ఇంట్లో అయిదు సామాన్లు టెలిఫోను ఎదుట పెట్టండి: చెంబు, పీట, చాట, బుట్ట, దుప్పటి. పెద్దవాడు ఒక రూపాయి బిళ్ళను దాచాలి. చిన్నవాడు అడగాలి: చెంబులోనా? పీట క్రిందనా? చాట మీదనా? బుట్ట వెనుకనా? ఉత్త “చెంబు” అంటే పెద్దవాడు జవాబు చెప్పకూడదు. ఎక్కడో చెప్పితేనే వెదకాలి. దొరికితే బిళ్ళ చిన్నవాడి పేర డబ్బీలో పడుతుంది. ఎండాకాలంలో వచ్చి తీసుకొంటాడు. పెద్దవాణ్ణి మాత్రం ఏమీ దిద్దవద్దు. వాడు ఇక్కడ గురువు.

ఈ పుట అచ్చుకు వెళ్ళేలోగా కూరెకుప్ప నుంచి ఇంకొక ఉత్తరం వచ్చింది.

మొదటి శనివారం పెద్దవాడు ఆటకు రాలేదట. తలుపు వద్ద నిలబడి చూశాడట. అవ్వగారు తామే బిళ్ళ దాచబోయి, చిన్నవాడు చూస్తూ ఉండగానే చెంబులో వేశారు. అది చూసి పెద్దవాడు ఉండబట్టలేక, “అట్ల కాదవ్వా, నువ్వు ఇట్లా, నేను పెడతా!” అని వచ్చి లాక్కొన్నాడు. పదిహేనురోజుల తరువాత అవ్వతో వాడు పలికిన మొదటి తెలుగు మాట అది. అవ్వగారు ఆ వాక్యాన్ని ఉత్తరంలో రెండుసార్లు వ్రాశారు.

మూడవ శనివారం చిన్నవాడు నాలుగు బిళ్ళలు గెలిచాడు. “క్రింద” బాగానే వచ్చింది. “వెనుక”కు బదులు ఇంకా స్వీడిష్ మాటే అంటున్నాడు. చివర అవ్వగారు పాతప్రశ్ననే మళ్ళీ అడిగారు: “ఎండాకాలం ఎక్కడుంటావురా?”

వాడు కొంచెం ఆలోచించి, “అమ్మమ్మ ఇంట్లోకి ఉంటాను” అన్నాడు.

ప్రక్కనుంచి పెద్దవాడు, “ఇంట్లోకి కాదప్పా, ఇంట్లో!” అన్నాడు.

అవ్వగారు తాము మాత్రం నోరు మెదపలేదట. మేము కూడా ఆ “కి”ని దిద్దదలచుకోలేదు. పోయేటప్పుడు గురి ఉంటుంది, చేరాక ఇల్లు ఉంటుంది అని పైన వ్రాశాము. వాడు రెండూ ఒకేసారి అన్నాడు. విమానం ఇంకా ఎక్కలేదు గదా!

మన పాఠకుల ఇళ్ళలో పిల్లలు వాడే ఇటువంటి కలగలుపు మాటలుంటే వ్రాసి పంపవలసిందని కోరుతున్నాము. ఉన్నదున్నట్లుగా వ్రాయండి, దిద్ది పంపవద్దు.